మలుపు దగ్గర అమ్మవారు

పోయిన ఆదివారం పులిగుండు మలుపు దగ్గర మేమిద్దరం సైకిళ్ళు దిగి నోరు తెరుచుకుని నిలబడిపోయాం. మా బాట పక్కన, మా ఆయన హృషికేశ్ తన చేతులతో రంగు వేసిన రాయి ముందు ఎవరో కొబ్బరికాయ కొట్టారు. అరటిపండుకు అగరొత్తులు గుచ్చారు. నాలుగు వెదురు బొంగులు పాతి, సరిగ్గా సైకిలు పోయే చోట అడ్డంగా ఎర్రగుడ్డ కట్టారు.

ఉప్పల్ నుంచి వరంగల్ వైపు వెళ్తూ మేడిపల్లి దాటాక, అన్నోజిగూడకు ఇవతల, హైవే నుంచి కాస్త లోపలికి వెళ్తే ఆ రాళ్ళగుట్ట వస్తుంది. కొండ సైకిళ్ళు తొక్కడానికి మా 'తూర్పు గుట్టల సైకిల్ సంఘం' అక్కడ ఒక సన్నటి మట్టిబాట చేసుకుంది. సభ్యులు ఏటా కట్టే రుసుముతో పలుగులూ పారలూ కొన్నారు. ఆదివారం ఆదివారం వచ్చి ముళ్ళకంప కొట్టారు, వాననీరు బాటను కోసేయకుండా రాళ్ళు పేర్చారు. అన్నిటికీ ముందున్నది మా ఆయనే. బాట తిన్నగా సాగే చోట రాళ్ళకు ఉత్త పసుపు రంగు వేశాడు. ప్రమాదమైన మలుపు ముందు మాత్రం పసుపు మీద ఎర్ర చుక్క. బ్రేకు పట్టుకోమని దాని అర్థం. పులిగుండు దగ్గర మలుపు అన్నిటికంటే చెడ్డది కాబట్టి అక్కడ చుక్క కాస్త పెద్దది పెట్టాడు, గుండ్రంగా, ముద్దుగా.

ఆ రోజు రంగు డబ్బా పట్టుకున్నది నేను. పెళ్ళయి నెల కూడా కాలేదు. నుదుట ఎర్రబొట్టు, మెడలో పచ్చని తాడు. అయినా, గుండు నీడన ఉన్న రాయికి పసుపు పూసి ఎర్రబొట్టు పెడితే ఈ ఊళ్ళో దాన్ని ఏమంటారో ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. నేను పుట్టింది నాచారంలో. ఆయన పెరిగింది ఉప్పల్‌లో. ఎక్కడో విదేశం నుంచి దిగినవాళ్ళు చేయాల్సిన పొరపాటు మేము చేశాం.

ఇక ఆ వారమంతా ఎలా గడిచిందో చెప్పాలి.

నాచారంలో మా రెండు గదుల ఇల్లు నాకు ఇంకా కొత్త బొమ్మలా ఉంది. హృషి టీ గ్లాసు వేడి చూడ్డానికి దాన్ని చెంపకు ఆనించుకుంటాడని పెళ్ళయిన రెండో రోజు తెలిసింది. నేను 'ఏంది' అంటే ఆయన 'ఏమిటి' అని సరిదిద్ది, మర్నాడు ఫోన్‌లో తన స్నేహితుడితో 'ఏందిరా' అనేశాడు. వాళ్ళ నాన్నగారిది కాకినాడ వైపు. కొడుకు నోట ఆ వైపు మాట చెడిపోతుందేమో అని మా అత్తగారి భయం. నేను వంటింట్లో నిలబడి పళ్ళెం అడ్డం పెట్టుకుని నవ్వాను. ఇలాంటివి రోజుకొకటి దొరికేవి.

ఈ వారం దొరకలేదు. సంఘం గ్రూపులో ఫోన్ మోగినప్పుడల్లా ఒకరు వెళ్ళిపోతున్నారు. ముందు పోచారం ఆఫీసుల కుర్రాళ్ళు, తరువాత ఉప్పల్ టీచర్లు. ఆయన ఫోన్ తిరగేసి పెట్టేవాడు. మోగితే భుజం ఒక్కటి కదిలేది. టీ గ్లాసు చెంప దాకా వెళ్ళకుండానే చల్లారిపోయేది.

శనివారం పొద్దున సంఘం అధ్యక్షుడు రామ్మోహనరావుగారు మా ఇంటికి వచ్చారు. ప్రభుత్వ పరిశోధనాశాలలో చేసి రిటైరయ్యారు. డెబ్భై దగ్గర పడుతున్నా సైకిలు మీదే తిరుగుతారు.

"అమ్మాయ్, టీ వద్దు, మజ్జిగుంటే ఇయ్యి" అని కూర్చుని, గ్లాసు సగం ఖాళీ చేశాక అసలు సంగతి ఎత్తారు. "రేపు పదింటికి సైకిల్ సంఘాల సమాఖ్య వాళ్ళొస్తున్నారయ్యా హృషీ. బాట ఈ చివర నుంచి ఆ చివరకి ఎక్కడా ఆగకుండా ఉండాలి. సభ్యులూ వాళ్ళు అడిగినంత మంది ఉండాలి. అప్పుడే మనల్ని గుర్తిస్తారు, బాట బాగోగులకు సాయం చేస్తారు. మధ్యలో గుడి ఉంటే ఎలా?"

"గుడి కాదండీ, గుర్తురాయి."

"నాకు తెలుసు. జనానికి తెలియాలిగా. ఒకాయన నన్నేమడిగాడో తెలుసా? సభ్యత్వం కట్టింది సైకిలు తొక్కడానికా, ప్రదక్షిణాలు చేయడానికా అని."

నాకు నవ్వొచ్చింది. హృషి మొహం చూసి మింగేశాను.

"ఆ పూజ చేసేవాళ్ళకు పోయి చెప్పండి" అన్నారాయన లేస్తూ. "అది ఉత్త రంగు, బొట్టు కాదు అని నెమ్మదిగా చెప్పండి. నిజం చెప్పడానికి నీకంటే మంచివాడు దొరకడులే."

ఆ మాటకు వెనక ఒక కథ ఉంది. మా పెళ్ళి ముహూర్తం మిట్టమధ్యాహ్నం. పురోహితుడు మమ్మల్ని బయటికి తీసుకెళ్ళి, ఆకాశంలోకి చెయ్యి చూపించి, "అరుంధతి కనిపించిందా నాయనా?" అన్నారు. లోకంలో ప్రతి పెళ్ళికొడుకూ కనిపించిందనే అంటాడు. ఈయన కళ్ళు చికిలించి, తల అటూ ఇటూ తిప్పి, "లేదండీ" అన్నాడు. పురోహితుడు మళ్ళీ అడిగారు. మళ్ళీ లేదన్నాడు. వెనక వంటవాళ్ళు కూడా ఆగిపోయారు. చివరికి నేనే గొంతెత్తి, "కనిపించింది, ఇద్దరికీ కనిపించింది" అన్నాక అందరూ కదిలారు. ఆ రోజే ఈయనంటే నాకు పిచ్చి ఇష్టం పుట్టింది. ఆ ఇష్టం ఇంత భయపెట్టే రోజు వస్తుందనుకోలేదు.

ఆదివారం తెల్లవారి గుట్ట ఎక్కాం. చలి మొదలైంది. నా నల్లపూసలు హెల్మెట్ పట్టీలో ఇరుక్కుంటే హృషి ఆగి, వేళ్ళతో నెమ్మదిగా విడదీశాడు. ఈ వారంలో అదొక్కటే సంతోషం అని మనసులో దాచుకున్నాను.

పులిగుండు దగ్గర ఒక పెద్దామె రాయి చుట్టూ ఊడుస్తోంది. పక్కన సీతాఫలాల గంప. ఉప్పల్ మెట్రో మెట్ల కింద కూర్చుని అమ్మే రాములమ్మ. ఆమె దగ్గర నేను చాలాసార్లు కొన్నాను. కాయ నొక్కితే చెయ్యి మీద కొడుతుంది.

"అమ్మా, మీతో ఒక మాట చెప్పాలండీ" అన్నాడు హృషి.

"బూట్లు జర దూరం ఇడువు సారు."

ఆయన విడవలేదు. ఎర్రగుడ్డకు ఇవతలే నిలబడి మొదలుపెట్టాడు. "తప్పుగా అనుకోకండి. ఇది అమ్మవారు కాదు. మేము సైకిళ్ళ కోసం పెట్టుకున్న గుర్తు. ఇది పసుపు కాదు, రంగు. నేనే వేశాను."

రాములమ్మ చీపురు ఆపలేదు. "ఎరుకే."

"ఎరుకే అంటే?"

"ఎరుకే అంటే తెల్సని. నువ్వు కుంచె వట్టుకొని కూసున్ననాడు నేను గా సీతాఫలం చెట్టెన్కనే ఉన్న. గీ పిల్ల డబ్బా వట్టుకొని ఒకటే నవ్వుడు. నీ ముక్కుకు రంగు అంటిచ్చింది. నువ్వు ఆమె బుగ్గకు అంటిచ్చినవు. ఇంగ జెప్పాల్నా?"

"వద్దు పెద్దమ్మా" అన్నాను గబుక్కున. చెవులు వేడెక్కిపోయాయి.

"గందుకే నేను కాయలు తెంపకుండ ఆగిన ఆ రోజు. కొత్త జంట, ఎందుకు కదిలియ్యాలె అని."

హృషికి అవేవీ వినపడటం లేదు. "మీకు తెలిసీ కొబ్బరికాయ కొట్టారా?"

ఆమె చీపురు గుండుకు ఆనించి, నడుం పట్టుకుని మా వైపు తిరిగింది. కింద, గుట్ట అవతలి వైపు చూపించింది. ఎర్రమట్టి చదును, తెల్ల రాళ్ళు పాతిన ప్లాట్లు, గాలికి ఊగే రంగుల జెండాలు.

"గా వెంచరుకు రోడ్డు కావాల్నట. గుట్టను కోసుకుంట ఇట్లనే తీస్తరట. పది దినాల కింద జేసీబీ వచ్చింది. నేను అడ్డం పోయిన. ముసలిదానా జరుగు అన్నరు. కాయల చెట్లున్నయి బాంచెన్ అన్న. సర్కారు గుట్ట, నీ చెట్లేంది అన్నరు. నన్ను జూసి ఆగలే. చెట్లను జూసి ఆగలే. మీ సైకిల్ తొవ్వ మీదికెల్లి బండి ఎక్కిచ్చుకుంట వచ్చిన్రు, దాన్ని జూసి ఆగిన్రా? ఆగలే."

"మరి?"

"గీడిదాంక వచ్చినంక డ్రైవర్ దిగిండు. రాయిని జూసిండు. చెప్పులిడిసి దండం వెట్టిండు. బండి ఎన్కకు తిప్పుకొని పోయిండు. గప్పుడు నాకు అర్థమైంది. తెల్లారి నేనే పోయి కొబ్బరికాయ దెచ్చిన. గీ బొంగులు నేనే పాతిన."

కింద హైవే మీద వరంగల్ బస్సుల చప్పుడు వినిపిస్తోంది.

"అంటే ఇది అబద్ధమే కదండీ" అన్నాడు హృషి చివరికి. కోపంగా అనలేదు. లెక్క తప్పిన పిల్లవాడిలా అన్నాడు.

"అబద్ధం ఎట్లైతది? రాయి ఉన్నది. పసుపున్నది. రోజు వచ్చి నేను దండం వెడుతున్న. ఇందుల అబద్ధం ఏడుంది?"

నాకు ఆమెను వాటేసుకోవాలనిపించింది. ఇంత తెలివి, ఇంత మొండితనం. "అయితే ఏం ఫికర్ లేదు" అన్నాను ఉత్సాహంగా. "అమ్మవారు ఉండనీ పెద్దమ్మా. గుడ్డ ఒక్కటి జరుపు. మేము పక్క నుంచి నెమ్మదిగా పోతం. పోయేటప్పుడు మేము కూడ దండం పెడ్తం."

"వద్దు బిడ్డా."

"ఎందుకు వద్దు?"

"మీరు బూట్లేసుకొని, అమ్మ ముంగట కెల్లి సర్రున పోతుంటరు. డ్రైవర్ జూస్తడు. వీళ్ళకేం గాలే, నాకేమైతది అనుకుంటడు. భయం పోయిందనుకో, గుట్ట పోయినట్టే. మీ సైకిళ్ళు ఇగ ఈడికి రావద్దు. నేను రానియ్య."

ఆమె గొంతులో దురుసు లేదు. అందుకే ఆ మాటను ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. బాటను పక్కకు తిప్పుదామంటే ఒకవైపు గుండు, రెండో వైపు నిట్టనిలువు లోయ. పులిగుండు దగ్గర తప్ప గుట్ట దాటడానికి ఇంకో చోటు లేదు. అందుకే బాట అక్కడ వేశాం. అందుకే వాళ్ళూ రోడ్డు అక్కడే అడుగుతున్నారు.

హృషి వెళ్ళి ఒక రాయి మీద కూర్చున్నాడు. హెల్మెట్ తీసి ఒళ్ళో బోర్లించుకున్నాడు. నేను పక్కన చేరాను. ఇంత దగ్గరగా కూర్చున్నా ఆయన చాలా దూరంలో ఉన్నట్టు అనిపించింది.

"రంగు అని చెబితే గుట్ట పోతుంది" అన్నాడు. "చెప్పకపోతే బాట పోతుంది. అంతేనా?"

"ఇంకేదన్న దారి ఉంటది హృషీ."

"ఎక్కడుంది? చూపించు." ఆయన నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. "మూడేళ్ళు అమృతా. నువ్వు రాకముందు నుంచి. ప్రతి ముళ్ళకంపా నాకు తెలుసు. వాన పడితే నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో తెలుసు. ఇంటింటికీ తిరిగి సభ్యుల్ని చేర్చాను. మీ రుసుముతో పిల్లలు తొక్కే బాట వస్తుందని చెప్పాను. చివరికి చేసిందేమిటి?"

"గుడి" అన్నాను, నవ్వించాలని.

"గుడి కూడా కాదు. దిష్టిబొమ్మ."

ఆ మాట తరువాత నాకు ఏ చిన్న సంతోషమూ చేతికి దొరకలేదు. వెతికాను. గంపలో సీతాఫలాలు విచ్చుకుని తెల్లగా నవ్వుతున్నాయి. నా బూట్లలో మెట్టెలు వేళ్ళను నొక్కుతున్నాయి, అదీ నాకు ఇష్టమే మామూలుగా. ఆ పూట అన్నీ ఉండీ ఏదీ నాది కానట్టు ఉంది. పదింటికి సమాఖ్య వాళ్ళు వస్తారు. ఎర్రగుడ్డ చూసి వెనక్కి పోతారు. సాయంత్రానికి మిగిలిన సభ్యులూ పోతారు. రేపటి నుంచి ఈయన ఆదివారాలు ఏం చేస్తాడు?

అప్పుడే కింద నుంచి ఇంజను చప్పుడు వచ్చింది.

రాములమ్మ తల మీద కొంగు సవరించుకుని రాయి పక్కన నిలబడింది. జేసీబీ గుర్రుమంటూ ఎక్కి, ఎర్రగుడ్డకు పది గజాల దూరంలో ఆగింది. దాని వెనక తెల్ల కారు. కారులోంచి వెంచర్ యజమాని ఉమామహేశ్వర్ దిగాడు. ఇస్త్రీ నలగని చొక్కా, వేళ్ళకు ఉంగరాలు. మనిషి కోపంగా లేడు. పెళ్ళికి పిలవడానికి వచ్చినవాడిలా ఉన్నాడు.

"హృషికేశ్ తమ్మీ, నీ కోసమే వచ్చిన" అన్నాడు. "రామ్మోహనరావు సారుతోని మాట్లాడిన. మీ సంఘం కష్టం విన్న. నీకొక మాట చెప్త, విను. నా వెంచర్ల ప్లాటు కొన్న ప్రతి ఇంటికి మీ మెంబర్‌షిప్ నేనే కడ్త. ఏటేట కడ్త. సమాఖ్య వాళ్ళు అడిగినంత మంది ఒక్క దెబ్బకు అయితరు. గుట్టకు అటుపక్క మీకు కొత్త తొవ్వ నా జేసీబీతోనే తీపిస్త. మంచిగ బోర్డు పెట్టుకో, నీ పేరు రాసుకో."

"అటుపక్క గుట్టేం మిగులుతుందండీ, రోడ్డు పోయాక?" అన్నాడు హృషి.

"మిగిలినంత మిగుల్తది. నేనేమన్న చెడ్డోన్నా? నేను నిన్ను అబద్ధం చెప్పుమంటలే. నిజం చెప్పుమంటున్న. గంతే." జేసీబీ వైపు చెయ్యి చూపించాడు. "గా డ్రైవర్ అన్నకు నీ నోటితోని చెప్పు, ఇది నువ్వు ఏసిన పెయింటని."

డ్రైవర్ అప్పటికే దిగాడు. నలభై దాటిన మనిషి. చెప్పులు బండి మెట్టు మీదే విడిచి, ఉత్త కాళ్ళతో నడిచి వచ్చాడు. రాయికి దండం పెట్టి, హృషి వైపు తిరిగాడు. "సారు, నాకు ఇద్దరు పిల్లలు. తెల్వక తప్పు జేసిన అనిపిచ్చుకోవద్దు. గిది అమ్మవారా, కాదా? మీరు చదువుకున్నోళ్ళు, చెప్పున్రి."

రాములమ్మ పెదవులు కదులుతున్నాయి. తనకు రంగని తెలిసిన రాయికి తను నిజంగానే మొక్కుకుంటోంది.

హృషి నోరు తెరిచాడు. పట్టపగలు నక్షత్రం కనిపించిందని అనలేని మనిషి ఏమంటాడో నాకు తెలుసు. కానీ ఆయన వంగి, ఎడమ బూటు లేసు విప్పడం మొదలుపెట్టాడు. బూటు తీసి పక్కన పెట్టాడు. నాకు కళ్ళు మండాయి. ఆ ఒక్క బూటుతో మూడేళ్ళ బాట ఆయన వదిలేస్తున్నాడు. మాటతో అబద్ధం చెప్పలేక కాళ్ళతో చెబుతున్నాడు.

"ఆగు తమ్మీ" అన్నాడు ఉమామహేశ్వర్. ఫోన్ తీశాడు. "ఇది మీ సంఘం పోస్టరే గద?"

దూరం నుంచే గుర్తుపట్టాను. సభ్యుల్ని చేర్పించడానికి మేము అందరికీ పంపిన పోస్టర్. 'మీ రుసుము ఎక్కడికి వెళ్తుందో చూడండి' అని పైన పెద్ద అక్షరాలు. కింద హృషి, ముక్కు మీద పసుపు రంగు, చేతిలో కుంచె, పులిగుండు రాయి మీద ఎర్ర చుక్క దిద్దుతూ, ఫోటో తీస్తున్నవాళ్ళను చూసి మొహమంతా నవ్వుతూ. నా ఫోన్‌లో ఉన్న అన్ని ఫోటోల్లోకీ నాకు ఇష్టమైనది.

డ్రైవర్ ఫోన్ తీసుకుని చూశాడు. రాయిని చూశాడు. మళ్ళీ ఫోన్ చూశాడు.

"బొట్టు వెడుతున్నడు" అన్నాడు నెమ్మదిగా. "పూజ జేస్తున్నడో, పెయింట్ ఏస్తున్నడో దీంట్ల ఎట్ల తెలుస్తది? ఈ ఫోటో ఎవరు దీసిన్రు?"

హృషి కళ్ళు, ఆయనకు తెలియకుండానే, నా వైపు వచ్చాయి. వాటి వెంట అందరి కళ్ళూ వచ్చాయి.

డ్రైవర్ నా దగ్గరికి నడిచాడు. రెండడుగుల దూరంలో ఆగి, నా మెడలోని తాడును చూసి చూపు దించుకున్నాడు.

"చెల్లె, కొత్తగ పెండ్లైనట్టుంది. నువ్వు దగ్గరుండి జూసినవు. నీ పుస్తె మీద చెయ్యి వెట్టి చెప్పు. నువ్వేది చెప్తే అదే నమ్ముత. కాదంటే ఇప్పుడే బండి ఎక్కిస్త. అవునంటే మళ్ళ ఈ గుట్టెక్క. గది పసుపా, రంగా?"

ఆ రోజు పెళ్ళిలో ఆకాశం కూడా చూడకుండా, ఇద్దరి తరఫునా కనిపించిందని అరిచింది నేనే. ఎంత సులువుగా అనేశాను. హృషి ఒక కాలికి బూటుతో, ఒక కాలికి మేజోడుతో రాళ్ళ మీద ఒరిగి నిలబడ్డాడు. చెప్పమనీ అనడు, వద్దనీ అనడు. రాములమ్మ కళ్ళు మూసుకుంది.

నేను తాడు పట్టుకున్నాను. నిన్ననే పసుపు రాశానేమో, వేళ్ళకు అంటింది.

"అన్నా" అన్నాను, "అది..."